విమానమెక్కిన పండుమిరప జాడీ

అమలమ్మ కొడుకు సంచి సర్దుతోంది. సర్దుతోందనే గానీ, ఒక్కొక్క వస్తువునూ అందులోకి విసిరికొడుతోంది. మ్యాపులు, విమానం నడిపిన గంటలు రాసుకునే లాగ్‌బుక్కు, చొక్కా, చివర్న వాసెన కట్టిన పండుమిరప పచ్చడి జాడీ. గవర్నర్‌పేటలోని ఆ ఇంట్లోంచి ఎవరు ప్రయాణమైనా జాడీ లేకుండా గడప దాటకూడదు. పన్నెండేళ్ళ కిందట భర్త శౌరయ్య బరువని విసుక్కుని, జాడీని గుమ్మంలోనే వదిలేసి పటాలానికి వెళ్ళినప్పటినుంచీ ఆమె పెట్టిన కట్టడి అది.

"ఇవాళేం పాఠంరా?"

"స్టాల్, అమ్మా. ముక్కు మరీ పైకెత్తితే రెక్కలకి గాలి పట్టు తప్పి విమానం పడుద్ది. ముక్కు దించితే మళ్ళీ ఎగురుద్ది. ఇది సరిగ్గా చేస్తే రేపు నన్నొక్కణ్ణే పంపుతారు" అన్నాడు జాన్‌బాబు.

"ఎగరటం నేర్పమని పంపితే పడటం నేర్పుతున్నాడా ఆ హుమాయూన్ సారు? సొంత బిడ్డనైతే పడేస్తాడా?"

కొడుకు సైకిలు మలుపు తిరగ్గానే అమలమ్మ గొడుగు పుచ్చుకుని, విమానాల మైదానం మీదుగా పోయే హనుమాన్ జంక్షన్ బస్సెక్కింది.

షెడ్డులో పెడితే తోటివాళ్ళు జాడీ నాకేస్తారని, జాన్‌బాబు సంచిని ఎవరూ చూడకుండా విమానంలో సీటు వెనక దాచాడు. పైన, హుమాయూన్ పక్క సీట్లో ఉండగా ముక్కు ఎత్తగానే జాడీ సంచిలోంచి జారి తోకదాకా దొర్లింది. తోక బరువెక్కింది.

"దించవయ్యా ముక్కు!"

"దిగట్లేదు సార్!"

ఇద్దరూ కలిసి పిడిని ముందుకు తోశారు. ముక్కు ఒక్కసారిగా నేలకి తిరిగింది. వెళ్ళిన జాడీ అంతకు రెట్టింపు వేగంతో వెనక్కొచ్చి, హుమాయూన్ తల పక్కనే కమ్మీకి కొట్టుకుని పగిలింది.

మైదానం అంచున నిలబడ్డ అమలమ్మ, విమానం నేలకు ఆనీ ఆనకముందే గొడుగెత్తి పరిగెత్తింది. హుమాయూన్ దిగాడు. నెత్తినుంచి నడుందాకా ఎరుపే. "రక్తం!" అని గేటు దగ్గర ఎవరో కేక పెట్టారు. ఆస్పత్రికి ఫోను వెళ్ళింది. "మంట, మంట" అని ఆయన అరవడం విని, ఫైరింజను వాళ్ళు ఆయన మీదికే నీళ్ళు కొట్టారు. కారం కళ్ళలోకి దిగింది.

"నా బిడ్డని పడేస్తారా మీరు?" అంది అమలమ్మ గొడుగు ఝాడిస్తూ.

కళ్ళు తెరవలేని హుమాయూన్ అంతకన్నా గట్టిగా అరిచాడు. "పడ్డాక లేవటం నేను నేర్పుతానమ్మా! తోకలో పచ్చడి పెడితే లేవటం ఎవడు నేర్పుతాడు? ఎవరిదీ జాడీ?"

వాసెన గుడ్డ ఆయన చెవికి వేలాడుతోంది. అది ఆమె పాత చీర చెంగే. అమలమ్మ గొడుగు దించింది.

"నాదేనండీ."

"దాంతో సహా విమానాన్ని నేలకి దించాడు మీవాడు. రేపు ఒంటరిగా పంపుతా. ఉత్త చేతుల్తో రమ్మనండి!"

మర్నాడు అమలమ్మ జాడీ ఇవ్వలేదు. గుమ్మంలో కూర్చుని, విమానం కనిపెట్టినవాడి దగ్గర్నుంచి అందర్నీ వరసపెట్టి తిట్టింది. పదకొండున్నరకి జాన్‌బాబు వచ్చి అన్నం పెట్టమన్నాడు.

ఆ ఇంట్లోంచి జాడీ లేకుండా వెళ్ళి తిరిగి రానిది శౌరయ్య ఒక్కడే, 1962 అక్టోబరులో.