కొంచెం లేస్తారా, మేష్టారూ

బావమరిది బతక గోరతాడని సామెత. ఆ సామెత కట్టినవాడికి బావమరిది ఉండి ఉండడు. కుర్చీలాయనకు ఉన్నాడు. వీధిలో అందరూ అతన్ని ఉచితం అంటారు. అడిగినా అడక్కపోయినా సలహా ఇస్తాడు, దానికి చిల్లిగవ్వ పుచ్చుకోడు. పుచ్చుకుని ఉంటే బాగుండేది. డబ్బిచ్చి కొనాల్సిన సలహా అయితే కుర్చీలాయన కొనేవాడే కాదు, ఇంత రామాయణమూ జరిగేది కాదు.

ఆ రోజు పొద్దున కుర్చీలాయన పెట్టుకున్న పని ఒక్కటే. పళ్ళ డాక్టరు గారి దగ్గర రోగులు కూర్చునే పేము కుర్చీలు సీట్లు కుంగిపోయి మరమ్మతుకు వచ్చాయి. వాటిని మధ్యాహ్నంలోగా అల్లి పంపాలి. దుకాణం ముందు భాగంలో కిటికీ పక్కన అతనికో చోటుంది. వెలుతురంతా అక్కడే. చూపు మందగించాక, ఏ బద్ద పైన పోతోందో ఏది కింద పోతోందో ఆ కిటికీ దగ్గర తప్ప అతనికి తెలియడం లేదు. వెనక గదిలో కూర్చుని అల్లితే అది అల్లికలా ఉండదు, పిల్లి పీకిన దారంలా ఉంటుంది. అందుకని ఎవరొచ్చినా ఆ చోటు వదిలేవాడు కాదు. భార్య చీపురు పట్టుకుని వచ్చినా కాళ్ళు ఎత్తేవాడే తప్ప లేచేవాడు కాదు.

ఉచితం వచ్చి సరిగ్గా ఆ వెలుతురుకు అడ్డంగా నిలబడ్డాడు. వ్యాపారులూ సేవాసంఘాలూ చేతులు కలపడం ఎలాగో ముందురోజు ఎక్కడో శిక్షణ ఇస్తే వెళ్ళి విన్నాడట. భోజనం కూడా బాగుందట. వ్యాపారికి పేరు కావాలి, సంఘానికి ఆసరా కావాలి, ఇద్దరూ కలిస్తే ఇద్దరికీ మేలు, కాకపోతే మనసు విప్పి మాట్లాడుకోవాలి, లేకపోతే చెడుతుంది. ఇదీ అక్కడ చెప్పిందాని సారం. వీధి చివర రోగులకు చక్రాల కుర్చీలూ చేతికర్రలూ ఊరికే ఇచ్చే సంఘం ఒకటుంది. వాళ్ళవీ కుర్చీలే, బావవీ కుర్చీలే. ఇంతకంటే కుదిరే జోడీ ఉంటుందా అన్నాడు ఉచితం.

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మా నాన్న అనేవాడు," అన్నాడు కుర్చీలాయన, బద్ద లాగుతూ.

"ఇది గొర్రె కాదు బావా. కుర్చీ."

తమ్ముడు మీ మంచికే కదా చెబుతున్నాడని లోపల్నుంచి భార్య గొంతు వినిపించింది. ఆ ఇంట్లో తమ్ముడి మాట కాదంటే కూరలో ఉప్పుండదు. ఉచితం వెలుతురు వదిలి పక్కకు జరిగితే చాలనుకుని కుర్చీలాయన ఒక్కదానికి ఒప్పుకున్నాడు. సంఘం గదిలో అధ్యక్షుడి కుర్చీ కాలు ఊగుతోందని విన్నాడు. దాన్ని తెచ్చి ఊరికే బాగుచేసి ఇస్తాడు. పొత్తు అక్కడితో మొదలు, అక్కడితో ఆఖరు.

ఉచితం వెంటనే సంఘానికి కబురు చేశాడు. ఊగే కాలు సంగతి చెప్పడం మరిచిపోయాడు. తన బావ పెద్ద మనసుతో సంఘంలోకి వస్తున్నాడని, ఇకమీదట అన్నీ దగ్గరుండి చూసుకుంటాడని మాత్రం చెప్పాడు.

ఆ సంఘానికి అధ్యక్షుడు మేష్టారు. బడి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆ సంఘం పెట్టి, తన ఇంటి ముందు గదినే దానికిచ్చారు. అప్పట్నుంచీ అధ్యక్షుడు ఆయనే. ఏటా సమావేశంలో "ఇంకెవరైనా ఉంటారా?" అని అడిగి, ఎవరైనా తలెత్తేలోపు "ఏకగ్రీవం" అని రాసేసుకునేవారు. మనిషి మంచివాడే. ఆ కుర్చీ పోతే పొద్దున లేచి ఏం చెయ్యాలో తెలియని మనిషి, అంతే.

కుర్చీలాయన సుత్తీ తాడూ తీసుకుని బయల్దేరాడు. మందుల షాపు ముందుకు వచ్చేసరికి ఉచితం ఫోన్ చేశాడు. వీధంతా రొద. అందుకని కుర్చీలాయన గొంతు పెంచాడు.

"అధ్యక్షుడి కుర్చీ సంగతి ఇవాళే తేల్చేస్తాలేరా. పైకి నిగనిగలాడుతుంది గానీ లోపల పుచ్చిపోయే ఉంటుంది. మేష్టారు లేని సమయం చూసి లాగేస్తే ఏ గొడవా ఉండదు."

మందుల షాపాయన సంఘానికి కోశాధికారి. చేతిలో మాత్రల చీటీ అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. వ్యాపారి ఊరికే వస్తున్నాడంటే అప్పుడే అనుమానపడ్డాడు. షట్టరు సగానికి దించి, వెనక సందులోంచి మేష్టారి ఇంటికి పరుగెత్తాడు. విన్నది విన్నట్టు చెప్పినా కొంత నయంగా ఉండేది. లోపల పుచ్చిపోయిందన్న మాట మేష్టారిని గురించేనని తన వంతు టీకా కూడా చేర్చాడు.

మేష్టారు తింటున్న పళ్ళెం పక్కకు నెట్టి, చెయ్యి కడుక్కుని, వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. కార్యదర్శి నర్సమ్మకూ సభ్యులకూ కబురు వెళ్ళింది. కుర్చీలాయన దారిలో పరిచయస్తులతో మాట్లాడుకుంటూ తీరిగ్గా వచ్చేసరికి గది నిండా మనుషులున్నారు. అతని చేతిలో సుత్తి, భుజాన తాడు. చూసినవాళ్ళకు ఇంకేం సాక్ష్యం కావాలి.

"కొంచెం లేస్తారా, మేష్టారూ?"

"ఎందుకు లేవాలి?"

"కుర్చీ తీసుకెళ్దామని."

చెప్పానా లేదా అన్నట్టు మందుల షాపాయన అందరి మొహాలూ చూశాడు.

"సంఘం పుట్టినప్పట్నుంచీ ఇందులో నేనే కూర్చున్నాను," అన్నారు మేష్టారు.

"అందుకేనండీ పాడైంది. ఏళ్ళ తరబడి ఒక్క మనిషే కూర్చుంటే ఏ కుర్చీ అయినా ఇంతే. ఒకవైపుకి ఒరిగిపోతుంది."

"ఎటు ఒరిగింది?"

కుర్చీలాయన ఒక కన్ను మూసి, తల వంచి, మేస్త్రీలు గోడను చూసినట్టు చూశాడు.

"మందుల షాపు వైపు," అన్నాడు.

నిజానికి మందుల షాపు ఆ దిక్కునే ఉంది. కానీ గదిలో ఎవరూ దిక్కుల గురించి ఆలోచించడం లేదు. సంఘం కొనే కట్లూ దూదీ అన్నీ ఆ ఒక్క షాపులోనే ఎందుకు కొంటారని నర్సమ్మ ఎన్నోసార్లు అడిగింది, ఎవరూ జవాబు చెప్పలేదు. ఆమె నిటారుగా కూర్చుంది.

"ఇన్నాళ్ళకి ఒక మనిషి నోరు తెరిచి అన్నాడు," అంది.

గది రెండుగా చీలింది. సగం మంది మందుల షాపాయన మీద లేచారు, సగం మంది నర్సమ్మ మీద. మధ్యలో కుర్చీలాయన, పళ్ళ డాక్టరు కుర్చీలకు ఆలస్యమవుతోందని గోడ గడియారం చూసుకున్నాడు. ఇంత గొడవ కాలి కోసమేనని అతను మనస్ఫూర్తిగా నమ్మాడు. సేవాసంఘాల్లో చిన్న విషయాన్ని కూడా ఎంత పట్టించుకుంటారో అనుకున్నాడు.

"మీరే కాస్త వంగి చూడండి సార్, తెలుస్తుంది," అన్నాడు.

"నేను ఎవరికీ వంగను."

"పోనీ నేనే వంగుతాను."

అతను మోకాళ్ళ మీద కూర్చుని కుర్చీ కిందికి చెయ్యి పోనిచ్చాడు. క్షమాపణకి కాళ్ళు పట్టుకుంటున్నాడని మేష్టారి వర్గం సంతోషించింది. కుర్చీలాయన కింద నుంచే గోరుతో గీకి, పొడి రాలుతుంటే చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఈ కాలు ఇక పనికిరాదండీ. తీసేసి కొత్తది వెయ్యాలి."

మోకాళ్ళ నొప్పులతో ఏళ్ళుగా బాధపడుతున్న మేష్టారు తన కాళ్ళు రెండూ గబుక్కున పైకి లాక్కున్నారు. ఆ ఊపుకి కుర్చీ, చెప్పినట్టే, మందుల షాపు వైపు ఒరిగి కూలింది. కుర్చీలాయన అడ్డం పడ్డాడు కాబట్టి మేష్టారు అతని మీద పడ్డారు, దెబ్బ తగల్లేదు. విరిగిన కాల్లోంచి పుచ్చు పిండిలా కారింది. అది చూశాక ఒక్కొక్కరికీ సంగతి అర్థమైంది. ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

సరిగ్గా అప్పుడు ఉచితం గుమ్మంలో కనిపించాడు. "మనసు విప్పి మాట్లాడుకున్నారా?" అని అడిగాడు.

అక్కడితో అయిపోవలసింది. కానీ అన్న మాట వెనక్కి పోదు. కాలి సంగతి పొరపాటే కావచ్చు, దూది సంగతి పొరపాటు కాదంది నర్సమ్మ. అధ్యక్షుడు మారాలనేవాళ్ళు చేతులెత్తమంది. ఎత్తిన చేతులు లెక్కపెట్టేలోపే మేష్టారు నేల మీంచే రాజీనామా చెప్పి, ఈ గది తన సొంతమని, సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యాలని అన్నారు. కొత్త అధ్యక్షుడు ఎవరన్నప్పుడు అందరూ కుర్చీలాయన వైపు చూశారు.

"నేను కాలు బాగుచెయ్యడానికి వచ్చానమ్మా," అన్నాడతను.

"మాక్కావలసిందీ అదే," అంది నర్సమ్మ.

బావ తరఫున ఉచితం ఒప్పుకున్నాడు. చప్పట్లు కూడా ముందు తనే కొట్టాడు.

సాయంత్రానికి చక్రాల కుర్చీలూ చేతికర్రలూ దుకాణానికి వచ్చేశాయి. చక్రాలు తిరిగే వీలున్న చోటు ఒక్కటే, కిటికీ పక్కన. కుర్చీలాయన ఇప్పుడు వెనక గదిలో బల్బు కింద అల్లుతున్నాడు. డాక్టరు గారికి పంపిన మొదటి కుర్చీ మర్నాడే తిరిగొచ్చింది. పన్ను నొప్పితో నిలబడ్డ మనుషుల శాపాలు ఊరికే పోవు.

తిరిగొచ్చిన ఆ కుర్చీని ఎవరో కిటికీ దగ్గర వేశారు. ఇంట్లో తోచక మేష్టారు రోజూ పొద్దున్నే వచ్చి అందులో కూర్చుంటారు. కర్రల కోసం వచ్చినవాళ్ళకు కర్ర ఎలా పట్టుకోవాలో పాఠం చెబుతారు. సన్న అల్లిక పని వచ్చినప్పుడు కుర్చీలాయన బద్దలు పట్టుకుని ముందుకొచ్చి, "కొంచెం లేస్తారా, మేష్టారూ?" అంటాడు.

"ఎందుకు లేవాలి?" అంటారాయన, సంతోషంగా.

కుర్చీలాయన బద్దలతో మళ్ళీ వెనక గదిలోకి వెళ్ళిపోతాడు. ఇప్పుడు శిక్షణల్లో ఉచితమే మాట్లాడుతున్నాడు. వ్యాపారీ సంఘమూ కలిస్తే ఎవరికి ఏమేం వచ్చిందో తన బావ కథే ఉదాహరణగా చెబుతాడు. పోయిందేమిటో ఎవరూ అడగరు గనక చెప్పడు: తొమ్మిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, కిటికీతో సహా.