కూర్చోవడానికి వీల్లేని హాలు

ఇంట్లో జనం కూర్చోవడం అనే చెడ్డ అలవాటు మానాలంటే, వెంటనే ఇంటీరియర్ డిజైనర్‌ను పిలవండి! మా అబ్బాయి పిలిచాడు. మా బతుకులు బాగుపడ్డాయి.

మా ఆయన నాటక కంపెనీలో తెరలకు రంగులు వేసేవారు. ఒకసారి కొత్తగా చేరిన రాజు వేషగాడు, తెర మీద గీసిన తలుపు నిజమైనదనుకుని, కోపంగా అందులోంచి వెళ్లబోయి కిరీటం సొట్ట పెట్టుకున్నాడు. జనం ఈలలే ఈలలు! ఆ కళ ఆయనతోనే పోయిందనుకున్నాను. పోలేదమ్మా, తిన్నగా మా హాల్లోకే వచ్చింది!

మా బాత్రూమ్ తలుపు ఇప్పుడు గోడలో కలిసిపోయింది. పిడి లేదు, గడియ లేదు. మొన్న వియ్యంకుడుగారు వచ్చి, గోడంతా తడుముకుంటూ పోయి, చివరికి చెప్పుల అలమర తెరిచారు. పాపం, పెద్దమనిషి! మళ్లీ వెతుక్కోవాల్సి వస్తుందని కాబోలు, కాఫీ మాత్రం వద్దన్నారు. చూశారా, పాలు మిగిలాయి!

సోఫా తెల్లగా మల్లెపువ్వులా ఉంటుంది. దాని మీద దిండ్లు కూర్చుంటాయి, మనం నిలబడతాం. దీపాలు బోలెడు, వెలుతురు మాత్రం ఉండదు. దాన్ని మూడ్ అంటారట. పేపరు చదవలేం కాబట్టి లోకంలో ఘోరాలేవీ మా గడప తొక్కవు. ఇంతకంటే ఏం కావాలి?

చిక్కల్లా మా ఆయన పడక కుర్చీతోనే వచ్చింది. ఏళ్ల తరబడి ఆయన వాలితే గుడ్డ ఆయన వీపుకు తగ్గట్టు సాగిపోయింది. ఆయన పోయాక అందులో నేను ఒదిగిపోయాను.

"బామ్మగారూ, ఇది మూడ్‌ను చంపేస్తోందండీ" అన్నాడు డిజైనర్.

"ఇన్నేళ్లలో అది దోమను కూడా చంపలేదు నాయనా!" అన్నాను.

వింటేనా? కుర్చీ సామాన్ల గదిలోకి పోయింది. దాని వెనకే నేనూ పోయాను. నాలుగు రోజులకే కోడలు బఠానీకాయలూ చాపా పట్టుకుని వచ్చింది.

"ఇక్కడ ఒలుచుకుంటానత్తయ్యా. అక్కడ తొక్క పడితే మీ సుపుత్రుడు ఊరుకోడు."

ఆ సుపుత్రుడే సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, పాత బకెట్ బోర్లించుకుని మా పక్కన కూర్చున్నాడు. హాలు మాత్రం దర్జాగా, ఖాళీగా!

నిన్న డిజైనర్ ఆ హాలును ఫోటోలు తీయడానికి వచ్చాడు. అటూ ఇటూ తిరిగి తిరిగి కాళ్లు లాగాయేమో, "బామ్మగారూ, కాస్త కూర్చోవడానికి ఎక్కడైనా..." అని నసిగాడు.

"అదేం మాట బాబూ! ఎదురుగా అంత సోఫా ఉంటేనూ?"

"దిండ్లు నలుగుతాయండీ. ఇంకా ఫోటోలున్నాయి."

సామాన్ల గది చూపించాను. పడక కుర్చీలో ఇలా వాలాడో లేదో, అలా గురక!

లేపుదామా? పాపం, మూడ్ చెడిపోదూ! మరి నాకేదీ చోటు? వెళ్లి, దిండ్లన్నీ ఓ పక్కకు తోసి, తెల్ల సోఫా మీద కాళ్లు చాపుకున్నాను. ఎంత బాగా గీసినా మనిషి వచ్చి నిలబడేదాకా తెర రంగుగుడ్డే అనేవారు మా ఆయన.

ఇంతలో కోడలు వచ్చి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. నన్ను చూసింది, నలిగిన దిండ్లను చూసింది, సామాన్ల గదిలోంచి వచ్చే గురక వింది.

"కాస్త జరగండత్తయ్యా" అంది.