యజమాని నిరాకరించారు

ఆ ఆదివారం పొద్దున పెద్దల్లుడి ప్రణాళిక చాలా చిన్నది. స్నానం చెయ్యడం, హాల్లో బల్ల మీద లాప్‌టాప్ పెట్టడం, పదింటికి చిత్రశాల నుంచి రాబోయే ఆవిడకి మామగారి బొమ్మలు చూపించడం. ఆవిడ మెచ్చుకున్నాక కుర్చీలో వెనక్కి వాలి, "ఏముందిలెండి, ఏదో నాకు తెలిసినంతలో చేశాను" అనడం. ఈ చివరి వాక్యాన్ని గడ్డం గీసుకుంటూ అద్దం ముందు రెండు మూడు రకాలుగా అని చూసుకున్నాడు కూడా.

మామగారు డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. జీవితమంతా పిట్టల బొమ్మలు వేశారు. వేసినవాటిని వేసినట్టే అడిగినవాళ్ళకల్లా ఇచ్చేశారు. ఇప్పుడు చెయ్యి వణుకుతుంది, కుంచె నిలవదు. ఇంట్లో ఒక్క బొమ్మ మిగల్లేదు. అత్తగారు పోయాక పెద్దకూతురి దగ్గరే ఉంటున్న ఆయన, ఒకరోజు భోజనం దగ్గర ఎవరితోనూ కాకుండా, "అన్నీ ఒక్కసారి ఒక గోడ మీద చూసుకోవాలనుంది" అన్నారు.

ఆ మాట పెద్దల్లుడి మనసులో నాటుకుంది. ఆయన నీటి సరఫరా ఆఫీసులో హెడ్‌క్లర్కు. సాయంత్రం పూట ఆఫీసు పని ఉందని మామగారికి చెప్పి, పాత శిష్యుల ఇళ్ళు పట్టుకుని తిరిగాడు. గోడలకి వేలాడుతున్నవాటిని దింపించి, అటకల మీది ట్రంకుపెట్టెలు తెరిపించి, ఒక్కో పిట్టనీ ఫోన్‌తో స్కాన్ చేశాడు. వాటిని పీడీఎఫ్ ఫైళ్ళుగా ఇంటర్నెట్‌లో తన ఖాతాలో దాచాడు. ఆ తర్వాత ఆఫీసు కంప్యూటర్లో ఓ పేజీ తయారుచేశాడు. అందులో పిట్ట పేరు నొక్కితే దాని బొమ్మ తెరుచుకుంటుంది. ఆఫీసులో భేషుగ్గా తెరుచుకుంది. ఆ పేజీని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికి తెచ్చాడు. విషయం భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అందరి ముందూ ఒక్కసారిగా బయటపడితేనే కదా అందం! పని మంచిదే, మనసూ మంచిదే. మెప్పు మీద ఆశే కాస్త మోతాదు మించింది.

ఇక లాప్‌టాప్. అది తోడల్లుడిది, అంటే ఒకప్పుడు. చిన్నల్లుడికి ఊళ్ళోనే కళ్ళజోళ్ళ షాపు ఉంది. కొత్తది కొనుక్కుని, "మామయ్యగారు పేపరు చదువుకుంటారు" అంటూ పాతదాన్ని ఈ ఇంటికి పంపించాడు. అందరూ సంతోషించారు, పెద్దల్లుడు తప్ప. తాను కొనలేకపోయాడని లోకానికి చాటడానికే ఆ పెట్టెను పంపాడని ఆయన గట్టి నమ్మకం. అయినా ఈ రోజుకి వేరే గతి లేదు.

పెన్‌డ్రైవ్ పెట్టి, పేజీ తెరిచి, 'గుడ్లగూబ' అన్నచోట నొక్కాడు. తెర మీద గుడ్లగూబ రాలేదు. 'ఈ ఫైలు చూడటానికి మీకు అనుమతి లేదు. యజమానిని అడగండి' అని వచ్చింది. కింద 'అడుగు' అని ఓ మీట.

"యజమానా? ఎవరే యజమాని?" అన్నాడు.

సోఫా గలీబులు మారుస్తున్న భార్య తలెత్తకుండానే, "లాప్‌టాప్ మా మరిదిది కదండీ. ఆయనే అయ్యుంటాడు" అంది.

"ఇచ్చేసిన వస్తువు మీద ఇంకా పెత్తనమా!" అని పళ్ళు కొరుకుతూ 'అడుగు' నొక్కాడు. అదే క్షణంలో ఆయన జేబులో ఫోన్ టింగుమంది. 'కళ్ళజోళ్ళ షాపు వారు గుడ్లగూబ ఫైలు చూడటానికి మీ అనుమతి కోరుతున్నారు.'

అసలు జరిగింది ఇంతే. ఆ లాప్‌టాప్‌లో ఇంకా చిన్నల్లుడి ఖాతాయే తెరిచి ఉంది. అందులోంచి ఎవరు ఏమడిగినా కళ్ళజోళ్ళ షాపు అడిగినట్టే. బొమ్మలేమో పెద్దల్లుడి ఖాతాలో ఉన్నాయి కాబట్టి, ఆ అడిగింది ఆయన ఫోన్‌కే వస్తుంది. అడుగుతున్నదీ ఆయనే, ఇవ్వాల్సిందీ ఆయనే. మామూలు బుర్ర అయితే ఈపాటికి ఆగి ఆలోచించేది. తోడల్లుడి మీద దుగ్ధ పెట్టుకున్న బుర్ర ఆగదు.

"చూశావా వాడి తెలివి! నేనిక్కడ తెరవబోతే వాడికి అక్కడ తెలిసిపోతోంది. తాళం వేసి కూర్చుని, బొమ్మలు ముందు తనకి చూపిస్తే గానీ తియ్యనంటున్నాడు. రేపు ఇదంతా నేనే చేశానని చెప్పుకోడానికి!"

"ఆయనకి అంత ఆలోచన ఉండదండీ" అంది భార్య.

"నీకు తెలీదు" అని ఫోన్‌లో 'నిరాకరించు' నొక్కాడు. కారణం రాయవచ్చు అంటూ ఓ గడి వచ్చింది. రాయవచ్చు అన్నాక ఊరుకునే మనిషి కాదాయన. 'పగలు గుడ్లగూబకి ఏమీ కనిపించదు. ముందు నీ షాపులోనే మంచి అద్దాలు పెట్టించుకో' అని రాసి పంపాడు. మనసు కొంచెం తేలికపడింది. లాప్‌టాప్ వైపు చూస్తే, 'యజమాని నిరాకరించారు' అని ఉంది.

"కళ్ళు మూసి తెరిచేలోపు కాదనేశాడు! ఫోన్ చేతిలో పట్టుకుని కాచుక్కూర్చున్నాడన్నమాట!" అన్నాడు, ఫోన్ చేతిలో పట్టుకుని.

తర్వాత ఆయనకి తెలిసిన వైద్యాలన్నీ చేశాడు. లాప్‌టాప్ ఆపి మళ్ళీ వేశాడు. వైఫై డబ్బా ప్లగ్గు పీకి పెట్టాడు. పెన్‌డ్రైవ్‌ని నోటితో ఊది, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ గుచ్చాడు. ప్రతి వైద్యం తర్వాతా ఓ కొత్త పిట్టని నొక్కడం, అడగడం, ఫోన్ టింగుమనడం, ఆయన ఒళ్ళు మండటం. కొంగని అడిగితే 'కొంగజపాలు నా దగ్గర చెయ్యకు' అని రాశాడు. కాకిని అడిగితే 'ఎక్కడ మెతుకు కనిపిస్తే అక్కడ వాలడమేనా?' అన్నాడు. నెమలి దగ్గరికొచ్చేసరికి భాష ఇంకా పదునెక్కింది. ఆఫీసులో ఇన్నేళ్ళుగా పైవాళ్ళకి రాయలేకపోయినవన్నీ ఆ గడిలో పడ్డాయి.

"పోనీ మీ ఫోన్లోనే చూపించెయ్యకూడదూ?" అంది భార్య.

"మామయ్య బొమ్మల్ని అగ్గిపెట్టెంత తెర మీద చూపించనా? పరువు పోదూ?" అన్నాడు.

ఇంతలో భార్య ఫోన్ మోగింది. అవతల చెల్లెలు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది గానీ, అక్కాచెల్లెళ్ళ గొంతు ముందు ఆ తలుపు ఏపాటి!

"బావగారికి మేం కాకుల్లా కనిపిస్తున్నామా అక్కా?"

"మీ ఆయన తాళం వేసి కూర్చుంటే మా ఆయనేం చేస్తాడే?"

"తాళమేంటి? ఆయన షాపు తీసి గంటయింది."

"ఇచ్చినట్టే ఇచ్చి ఈ వేషాలెందుకు? మీ లాప్‌టాప్ మీరు పట్టుకుపోండి."

"పట్టుకుపోతాం. ఆయన ఇప్పుడే బండి తీశారు. పొద్దుటినుంచి ఒక్కోటి చదువుకుని మనిషి మొహం ఇంతైంది. ఏం చేశానని మాత్రం ఆయనకి అర్థం కావట్లేదు."

మామగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కూతుళ్ళ మాటలు విన్నారు. చొక్కా మార్చుకోమంటూ పొద్దున పెద్దకూతురు చెప్పగా ఆయనకి తెలిసిందల్లా లాప్‌టాప్‌లో తన బొమ్మలున్నాయని, అవి చూడటానికి ఎవరో వస్తున్నారని మాత్రమే.

"అల్లుడుగారూ, ఆవిణ్ణి రావద్దని చెప్పెయ్యండి" అన్నారు మెల్లగా. "పిట్టల కోసం నా పిల్లలు పోట్లాడుకోవడమెందుకు? చూడకపోతే ఏం పోయింది?"

పెద్దల్లుడు కుర్చీలోంచి లేచాడు. ముసలాయన మోజుపడి అడిగింది ఒక్కటే ఒక్కటి. అదీ తన చేతులమీదుగా తీరకుండా పోతోంది. నోరు తెరిచి ఏదో చెప్పబోయేసరికి గంట మోగింది.

చిత్రశాల ఆవిడ భుజాన సంచీతో లోపలికొచ్చి, కూర్చోకముందే, "నాకు రైలుందండీ, అరగంట కంటే ఆగలేను" అంది. పెద్దల్లుడు చెమట తుడుచుకుని, ఇంటిగుట్టు విప్పాడు. బొమ్మలు సిద్ధంగా ఉన్నాయని, కాని లాప్‌టాప్ యజమాని ఒప్పుకోవట్లేదని, ఆ యజమాని తన తోడల్లుడేనని, కొందరి స్వభావం అంతేనని వివరించాడు. ఆవిడ గ్లాసెత్తి మంచినీళ్ళు తాగింది. పక్కన మామగారు తలదించుకున్నారు. పరాయి మనిషి ముందు ఇంటివాణ్ణి ఆడిపోసుకుంటుంటే వినలేక, మాట మార్చడానికన్నట్టు, "గుడ్లగూబ బొమ్మలో ఒక కన్ను మూసి ఉంటుందమ్మా" అంటూ వణికే వేలితో గాలిలో ఓ గుండ్రం గీశారు. ఆ గుండ్రం ఎంతకీ కలవలేదు.

అప్పుడు చిన్నల్లుడు వచ్చాడు. హెల్మెట్ తియ్యలేదు, చెప్పులు విడవడం మర్చిపోయి మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళి విడిచొచ్చాడు.

"అన్నయ్యా, నా వల్ల ఏం తప్పు జరిగింది? చెప్పండి, దిద్దుకుంటాను" అన్నాడు. ఫోన్ తీసి, అందరికీ వినబడేలా చదివాడు. "'కొంగజపాలు నా దగ్గర చెయ్యకు.' నేనేం జపం చేశానన్నయ్యా? 'ఈకలు పెట్టుకున్నంత మాత్రాన నెమలివైపోతావా?' అన్నారు. ఇదిగో, ఇది ఇప్పుడు దార్లో వచ్చింది. 'పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేస్తున్నావు, గుర్తుపెట్టుకో.' నా దగ్గర చిన్న స్క్రూడ్రైవరు తప్ప ఏ అస్త్రమూ లేదన్నయ్యా."

చిత్రశాల ఆవిడ కిటికీ వైపు తిరిగింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

"మరి బొమ్మలు బొమ్మలని పొద్దుటినుంచి నా ప్రాణం తోడుతున్నదెవరు?" అన్నాడు పెద్దల్లుడు.

"నేనా? నేను పొద్దుటినుంచి ఒక పెద్దావిడకి చత్వారం నంబరు చూస్తున్నాను!" అంటూ చిన్నల్లుడు లాప్‌టాప్ మీదికి వంగాడు. తెర మూలన కళ్ళజోడు బొమ్మ ఉంది. "ఇది మా షాపు గుర్తు కదా! అయ్యో, నా ఖాతా మూసెయ్యకుండానే పంపించేశానా? అంటే ఇందులోంచి మీరడిగినవన్నీ నేనడిగినట్టు వెళ్ళుంటాయి. తప్పు నాదే అన్నయ్యా, క్షమించండి."

భార్య భర్త వైపు చూసి, మిగిలిన ఒక్క ప్రశ్నా అడిగింది. "అడిగింది మీరైతే, మరి కాదన్నదెవరండీ?"

ఆయన వేలు చాచి, తెర మీద 'వడ్రంగిపిట్ట' నొక్కి, 'అడుగు' నొక్కాడు. జేబులో ఫోన్ టింగుమంది. ఆ గదిలో అంత చిన్న చప్పుడు అంత స్పష్టంగా ఎన్నడూ వినబడలేదు.

తేలుకుట్టిన దొంగకి కూడా కనీసం మూలగడానికి ఓ చీకటి మూల దొరుకుతుంది. పెద్దల్లుడికి పట్టపగలు, నలుగురి మధ్య, ఎటు చూసినా ఓ మొహం తగిలింది. చెవులు భగభగమన్నాయి. తన వేలితో తన కన్నే పొడుచుకుని, నొప్పికి పక్కవాణ్ణి తిట్టాడు. ఆ పక్కవాడేమో హెల్మెట్ చంకలో పెట్టుకుని తనకే క్షమాపణ చెబుతున్నాడు. అది అన్నిటికంటే భరించలేకపోయాడు.

ఫోన్ తీసి 'అనుమతించు' నొక్కాడు. గుడ్లగూబ, కొంగ, కాకి, నెమలి, పిచ్చుక, అన్నిటినీ మళ్ళీ అడుగుతూ వరసగా నొక్కాడు. ఆ మీట నొక్కితే కారణం రాయమని ఏ గడీ రాలేదు.

గుడ్లగూబ తెర నిండా వచ్చి కూర్చుంది, ఒక కన్ను మూసుకుని. మామగారు ముందుకి జరిగారు. "ఇది... ఇది పోస్టాఫీసు దగ్గరుండే కుర్రాడికిచ్చాను. ఆ నెమలి వేసేటప్పుడు నీకు టైఫాయిడ్ అమ్మా" అని కూతురితో అన్నారు.  చిత్రశాల ఆవిడ రైలు సంగతి మర్చిపోయి ఒక్కో పిట్ట దగ్గరా ఆగింది. చివరికి, "వచ్చే ప్రదర్శనలో మీకో గోడ మొత్తం ఇస్తాను మాస్టారూ" అంది. మామగారు చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నారు.

ఆవిడ సంచీలోంచి కలం తీసింది. "ఇన్ని ఇళ్ళు తిరిగి ఇవన్నీ పోగుచేసిందెవరండీ? గోడ పక్కన బోర్డు మీద రాయాలి."

పొద్దున అద్దం ముందు దిద్దుకున్న వాక్యం పెద్దల్లుడి నాలుక చివరకొచ్చింది. అంతలో మామగారు చిన్నల్లుడి భుజం మీద చెయ్యి వేశారు.

"ఇంకెవరమ్మా, మా చిన్నల్లుడే. పేపరు చదువుకోమని వంక పెట్టి పిట్టలన్నీ దీన్లో పెట్టి పంపించాడు. చూశారుగా, ఆయన వచ్చేదాకా ఒక్కటీ తెరుచుకోలేదు."

"అయ్యో, నాకేం తెలీదు మామయ్యగారూ! నేనేం చెయ్యలేదు!" అని చిన్నల్లుడు అటూ ఇటూ చూశాడు.

"అదీ ఆయన గుణం" అన్నారు మామగారు మురిసిపోతూ. "చేసింది చెప్పుకోడు."

భార్య నోరు తెరవబోయింది. పెద్దల్లుడు వద్దని కళ్ళతోనే ఆపాడు. కలం పట్టుకుని చిత్రశాల ఆవిడ తన వైపే చూస్తోంది. ఒక్క మాట చెబితే చాలు, సాయంత్రాలన్నీ, తిరిగిన వీధులన్నీ తనవవుతాయి. కాని ఆ మాట వెనకాలే కొంగా, కాకీ, నెమలీ కూడా తనవే అవుతాయి.

"అవునండీ, మా తమ్ముడే" అన్నాడు. "చాలా శ్రమపడ్డాడు. రాసుకోండి."

ఆ రోజు నుంచి చుట్టాల్లో ఎవరి కంప్యూటరు మొరాయించినా చిన్నల్లుడినే పిలుస్తున్నారు. ఆయన చాటుగా ఫోన్ చేసి ఏం చెయ్యాలని అడిగినప్పుడల్లా పెద్దల్లుడు ఒక్కసారైనా కాదనకుండా చెబుతున్నాడు.