బుజ్జి ఒళ్ళు కాలిపోతోంది

ఆ రోజు పొద్దున కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య పన్నెండింటికి తిరిగొచ్చేలోపు కంప్యూటర్‌కి కొత్త కూలర్ బిగించేయడం, ఆమె లోపలికి రాగానే ఏమీ ఎరగనట్టు కాఫీ కప్పు చేతికివ్వడం. అంతే.

ఆయనకు వీధి చివర కళ్ళద్దాల షాపు ఉంది. చీమ తలకాయంత మరల్ని పన్నెండేళ్ళుగా బిగిస్తున్న చెయ్యి. భార్య ఇళ్ళకు ప్లాన్లు గీస్తుంది. ఎనిమిదేళ్ళు ఒక ఆఫీసులో గీసింది. గీతలు ఆమెవి, కింద సంతకం ఇంకొకరిది. ఆర్నెల్ల కిందట విసుగెత్తి మానేసి సొంతంగా మొదలుపెడితే, ఇన్నాళ్ళకు ఒకే ఒక్క ఇల్లు వచ్చింది. ఆ ఇంట్లో మనమే నడుస్తున్నట్టు చూపించే వీడియో సాయంత్రం అయిదింటికల్లా ఆ ఇంటివాళ్ళకు పంపాలి. వాళ్ళకు నచ్చితే ఆ ఇల్లు ఆమె పేరు మీద లేస్తుంది. లేదంటే మళ్ళీ ఆ పాత ఆఫీసు మెట్లే గతి.

ఇక ఆ కంప్యూటర్. ఆమె ఉద్యోగం మానేసిన రోజున ఆయన విడి భాగాలు తెచ్చి, సొంత చేతులతో కూర్చిపెట్టాడు. మొదటిసారి ఆన్ చేయగానే ఈ యంత్రానికి ఏం పేరు పెట్టమంటారని తెర మీద అడిగింది. పాపం, ఆయనకు ప్రపంచం మొత్తమ్మీద ఒకే పేరు తోచింది. అది భార్యను పుట్టింట్లో పిలిచే పేరు. అప్పట్నుంచి ఆ ఇంట్లో బుజ్జిలు ఇద్దరయ్యారు.

వారం రోజులుగా యంత్రం బుజ్జికి బాగుండటం లేదు. లోపల లెక్కలన్నీ చేసే చిప్పు వేడెక్కిపోయి, వీడియో సగంలో ఉండగా టప్పున ఆగిపోతోంది.

"రెండు గంటలు ఏకబిగిన నడిస్తే చాలు. నేనొచ్చి కిటికీ దగ్గర పెట్టి, ఫ్యాను తిప్పి చూస్తా. అప్పటిదాకా దాన్ని ముట్టుకోకు," అని గట్టిగా చెప్పి, ఆమె స్థలం చూడటానికి వెళ్ళింది.

ఆయన షాపుకు సెలవు పెట్టిందే ముట్టుకోవడానికి.

చిప్పు నెత్తిన కూర్చుని వేడి లాగేసేదాన్ని కూలర్ అంటారు. దాని గురించి ఆయన వారం పాటు చదివాడు. చదివిన కొద్దీ ఏది కొనాలో తెలియకుండా పోయింది. చివరికి విడి భాగాల షాపుకి వెళ్ళి మా బుజ్జికి కూలర్ కావాలంటే అక్కడివాడు అడిగాడు.

"ఎత్తు ఎంత సార్?"

"అయిదడుగుల ఎనిమిది."

"మీది కాదు సార్. మీ కంప్యూటర్ డబ్బాది."

డబ్బాను బయట్నుంచి కొలిచి, లోపలి సంగతి దేవుడికి వదిలేసి, ఉన్నవాటిలోకెల్లా పెద్దది తెచ్చుకున్నాడు.

తొమ్మిదింటికి పని మొదలైంది. వంగినప్పుడల్లా జారుతోందని కళ్ళజోడు నెత్తిమీదకు ఎక్కించాడు. యంత్రాన్ని బల్ల మీద పడుకోబెట్టి, పాత కూలర్ ఊడదీసి, దుమ్ము ఊదేశాడు. కొత్తదాని అడుగున ఉన్న రాగి పలక అద్దంలా మెరుస్తోంది. వేలిముద్ర పడనిస్తాడా! భుజాన పసిబిడ్డను వేసుకున్నట్టు పట్టుకుని, చిప్పు మీద బఠాణీ గింజంత పేస్టు పెట్టి, పైన కూలర్ నిలబెట్టి నాలుగు మరలూ బిగించాడు. డబ్బా తలుపు మాత్రం పట్టలేదు. కూలర్ వేలెడు బయటికి పొడుచుకొచ్చింది. పోనీలే అనుకుని ఆన్ చేశాడు. నాలుగు నిమిషాల్లో నూటమూడు డిగ్రీలు చూపించి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ ఆగిపోయింది. మూడోసారీ అంతే. ఫోను తీసి షాపువాడికి మెసేజ్ పెట్టాడు.

షాపువాడికని ఆయన అనుకున్నాడు. కానీ రోజూ పొద్దున్నే పువ్వు బొమ్మతో శుభోదయం పంపే అత్తగారి పేరు అన్నిటికంటే పైనుంది. కళ్ళజోడేమో ఇంకా నెత్తిమీదే ఉంది. ఆవిడ ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి.

"బుజ్జి ఒళ్ళు కాలిపోతోందండీ. నూటమూడు చూపించి స్పృహ తప్పింది. ఇది మూడోసారి."

"ఎప్పట్నుంచి?"

"వారం నుంచి."

"వారమా! ఎవరికీ చూపించలేదా?"

"చూపించడమెందుకండీ, నేనే విప్పి చూశా. లోపలంతా దుమ్ము. గట్టిగా ఊదేశా."

అవతల అత్తగారు మందుల సంచి అందుకుంది.

"ఇప్పుడెలా ఉంది?"

"బల్ల మీద పడుకోబెట్టా. నెత్తిన పేస్టు కూడా రాశా. ఏం లాభం లేదు."

"కదిలించకండి. వచ్చేస్తున్నా."

షాపు వదిలి ఇంటికే వస్తానన్నందుకు కళ్ళజోళ్ళాయనకు కళ్ళు చెమర్చాయి. ఈ రోజుల్లో ఇలాంటి షాపువాళ్ళు ఎక్కడున్నారు!

అత్తగారు మందుల సంచి పట్టుకుని మెట్లెక్కుతుండగా, వెనకే కూతురు కాగితాల చుట్ట చంకలో పెట్టుకుని చకచకా ఎక్కొస్తోంది.

"నువ్వు లేచి తిరుగుతున్నావేంటే!"

"అదేంటమ్మా, నేనెప్పుడు..."

"నోరు తెరువు." తెరిచిన నోట్లో థర్మామీటర్ పడింది. చేయి పట్టుకుని నాడి చూస్తూనే ఆవిడ తలుపు తట్టింది.

"రండి రండి, మీ కోసమే..." అంటూ స్క్రూడ్రైవర్ చేత్తోనే తలుపు తీసిన అల్లుడు ఒక అడుగు వెనక్కి వేశాడు. "అత్తయ్యగారూ, మీరా!"

"ఏదీ, మీరు విప్పి చూసిన మనిషి?"

ఆయన తెల్లమొహం వేసి బల్ల వైపు చూపించాడు. థర్మామీటర్ నోట్లోనే ఉన్న బుజ్జి కూడా అటు చూసింది. పొట్ట విప్పుకుని పడున్న తన యంత్రాన్ని చూడగానే ఆమెకు కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. థర్మామీటర్ తీసేసింది.

"ముట్టుకోవద్దని చెప్పానా లేదా? పన్నెండయింది. నేనిప్పుడెలా పంపను?"

"నువ్వు మళ్ళీ ఆ ఆఫీసు మెట్లెక్కడం నేను చూడలేను బుజ్జీ," అన్నాడాయన నేల చూపులు చూస్తూ. "బాగుచేద్దామనే పెట్టా. ఇలా అవుతుందనుకోలేదు."

అత్తగారు ఫోన్లోని మెసేజ్‌లన్నీ మొదట్నుంచీ చదివింది. బల్ల మీద ఉన్నదాన్ని చూసింది. అల్లుణ్ణి చూసింది.

"అంటే, నా కూతురి పేరు ఈ డబ్బాకి పెట్టారా?"

"పేరు అడిగిందండీ. నాకు ఇంకో పేరు తోచలేదు."

తిట్లు పడతాయనుకున్నాడు. ఆవిడ మాత్రం కొంగుతో కళ్ళొత్తుకుని, సంచిలోంచి రబ్బరు గ్లవ్స్ తీసి తొడుక్కుంది.

"ఏదీ, విప్పండి. నేను చూస్తా."

నాలుగు మరలూ ఊడాయి. కూలర్ పైకి లేచింది. ఆవిడ దాన్ని తిరగేసి పలక అంచున వేలితో గీకింది.

"ఇదేంటి?"

"ప్లాస్టిక్ పొరండీ."

"ఎందుకుంచారు?"

"మా షాపులో కొత్త అద్దాల మీది పొర మేం తీయమండీ. కొనుక్కున్నవాళ్ళే ఒలుచుకోవాలి. ఆ సరదా వాళ్ళది. ఇది బుజ్జి కోసం కొన్నది కదా, తనొచ్చి తీస్తుందని ఉంచా. బిగించే హడావుడిలో మర్చిపోయా."

బుజ్జి వంగి చూసింది. "దీని మీద రాసుంది కదా. 'బిగించే ముందు ఈ పొర తీసేయవలెను.'"

"కంపెనీ పేరనుకున్నా."

"నీ కళ్ళజోడేదీ?"

ఆయన నెత్తి తడుముకున్నాడు. ముందు బుజ్జి పక్కున నవ్వింది. తరవాత అత్తగారికీ ఆగలేదు.

"కట్టు పైకాగితం ఒలవకుండా అంటిస్తే పుండుకి అంటుతుందా అల్లుడుగారూ?" అంటూ ఆవిడ స్పిరిట్‌లో దూది ముంచి, చిప్పు మీది పాత పేస్టును సూది వేసే ముందు చేయి తుడిచినట్టు శుభ్రంగా తుడిచింది. ఆయన కూలర్‌ను రెండు చేతులా పట్టుకుని భార్య ముందుకు చాపాడు.

"నువ్వే తీయి."

ఆమె గోటితో అంచు లేపి, మెల్లగా ఒలిచింది. ఆ పొరను పారేయకుండా తుడిచి కాగితాల మధ్య దాచుకుంది. ఆయన చిప్పు మీద మళ్ళీ బఠాణీ గింజంత పేస్టు పెట్టి, కూలర్ నిలబెట్టి నాలుగు మరలూ బిగించాడు.

ఒంటిగంటకు వీడియో మొదలైంది. అత్తగారు వెళ్ళలేదు. స్టూలు వేసుకుని యంత్రం పక్కన కూర్చుని, పావుగంటకోసారి తెర మీది అంకె కాగితం మీద రాసుకుంది. అరవై ఒకటి. అరవై. అరవై రెండు. తలుపు పట్టని కూలర్ బయటికి తొంగిచూస్తూ నిమ్మళంగా తిరిగింది.

మూడుంబావుకి వీడియో పూర్తయింది. భార్య దాన్ని ఆ వెంటనే పంపింది. అయిదున్నరకు ఫోను మోగితే ముగ్గురూ దాని మీదకు వంగారు.

"మెట్ల దగ్గర కిటికీ ఇంకాస్త పెద్దది చేస్తారా?" అని అడిగారు ఇంటివాళ్ళు. "పని ఎప్పుడు మొదలుపెడదాం?"

బుజ్జి ఫోను పెట్టేసి, మొగుడి భుజం మీద తల ఆనించి ఏడ్చేసింది. ఆయన కళ్ళజోడు మసకబారింది. ఈసారి అది కళ్ళ మీదే ఉంది.

మర్నాడు పొద్దున పువ్వు బొమ్మతో పాటు అత్తగారి మెసేజ్ వచ్చింది. "బుజ్జికి ఎలా ఉంది?"

అల్లుడి ఫోను అందుకుని కూతురే జవాబు రాసింది. "బాగున్నానమ్మా."

"నీ సంగతి కాదులే, అంకె ఎంతుందో చెప్పు."