అందరికీ జవాబు

సోమవారం ఉదయం ఇన్వెస్టిగేటరు అద్దం ముందు నిలబడి అబద్ధం ప్రాక్టీసు చేస్తున్నాడు.

"సార్, గురువారం మా మామగారికి కంటి ఆపరేషన్. ఒక్కరోజు సెలవు కావాలి."

"మా నాన్న కళ్ళకేం, నిక్షేపంగా ఉన్నాయి," అంది భార్య, లంచ్ బాక్సు మూత బిగిస్తూ. "మొన్న గోడ మీద చీమని గుమ్మంలోంచే చూశారు. మీ నాన్నగారి కన్ను వాడుకోవచ్చుగా?"

"ఆయనవి రెండూ వాడేశాను."

ఇన్సూరెన్సు క్లెయిముల్లో ఏది నిజమో ఏది బూటకమో తేల్చే కంపెనీలో అతను తొమ్మిదేళ్ళుగా ఉద్యోగి. కాలిన దుకాణాలు, మాయమైన బళ్ళు, విరగని ఎముకలకు వేసిన కట్లు చూసీ చూసీ అబద్ధాల్లో నాణ్యత తెలిసినవాడు. కంటి ఆపరేషన్ను మించిన అబద్ధం లేదని అతని అనుభవం. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేస్తారు. కట్టు విప్పి చూపించమని ఎవరూ అడగరు.

ఆ సెలవు ఇంటర్వ్యూ కోసం. ఇంటర్వ్యూలు గురువారమని ప్రకటనలోనే వేశారు, పిలుపు రావడమే తరువాయి. గణాంక శాస్త్రంలో సాయంత్రపు పీజీ కోర్సుకు రెండుసార్లు దరఖాస్తు చేశాడు, రెండుసార్లూ తిప్పికొట్టారు. ఇది మూడోసారి. నాలుగోసారి దరఖాస్తు తీసుకోరని కాలేజీలో ఆ విభాగం నియమం. సీటొస్తే మండుటెండలో కాలిన స్కూటర్లను కొలిచే బతుకు పోయి, కుర్చీలో కూర్చుని మోసాలు పసిగట్టే ఉద్యోగం దొరుకుతుంది. రాకపోతే రిటైరయ్యేదాకా స్కూటర్లే.

చిక్కు ఎక్కడంటే, అనుమతి లేకుండా చదువులో చేరినవాణ్ణి ఏ మూలకో బదిలీ చేయడం వాళ్ళ కంపెనీ పద్ధతి. అనుమతి అడిగినవాణ్ణి ఇంకా ముందే బదిలీ చేస్తారు. అందుకని సీటు చేతికందేదాకా మేనేజరుకు తెలియకూడదు.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. విభాగం నుంచి మెయిలు. "అభినందనలు. గురువారం ఉదయం ఇంటర్వ్యూకు హాజరు కాగలరు."

అతని మొహం వెలిగి, వెంటనే ఆరిపోయింది. మెయిలు పైభాగాన, ఇంటర్వ్యూకు పిలిచిన వాళ్ళందరి చిరునామాలూ బట్టలు ఆరేసినట్టు బయటికే కనబడుతున్నాయి. ఒకరిది ఒకరికి కనబడకుండా పంపాల్సిన గుమాస్తా ఆ సంగతి మర్చిపోయాడు.

ఇంకొకరైతే పట్టించుకునేవారు కాదు. జాబితా కనబడితే చివరిదాకా చదవకుండా ఇతను ఉండలేడు. సగానికి వచ్చేసరికి ఒక చిరునామా దగ్గర ఆగిపోయాడు.

"గులాబీతోట!"

"ఏ తోట?"

"మా మేనేజరు సొంత చిరునామా. ప్రతి ఆదివారం దీన్నుంచే వాళ్ళింటి గులాబీల ఫొటోలు మా మొహాన కొడతాడు. ఇందులో ఎందుకున్నాడు?"

"ఆయన కూడా చదువుకుందామనుకుంటున్నారేమో."

"యాభై రెండేళ్ళ మనిషి! కాలిక్యులేటరు కూడా పక్కవాడి చేత నొక్కిస్తాడు. చదువా పాడా? ఇది ఎర. నడుం విరిగిందని క్లెయిము పెట్టినవాడు బరువులెత్తుతున్నాడేమో చూడమని నన్ను జిమ్ములో చేర్పించింది ఈయనే. ఇప్పుడు నా కోసం తను దొంగ దరఖాస్తు పెట్టాడు."

"వెళ్ళి అడిగేస్తే పోలేదూ?"

"మా వృత్తిలో మనిషిని అడగం. అడిగితే అబద్ధం చెప్తాడు. ముందు ఆధారం, తర్వాతే ప్రశ్న."

"పెళ్ళిచూపుల్లో మీరు నన్నేమీ అడగకపోతే సిగ్గనుకున్నాను," అంది ఆవిడ.

బస్సులో నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో విభాగానికి మెయిలు కొట్టాడు. "అయ్యా, నేను దరఖాస్తు చేసిన సంగతి మా మేనేజరుకు తెలిస్తే నా ఉద్యోగానికి ఎసరు. నా చిరునామా వెంటనే తొలగించగలరు. ఈ విషయం మన మధ్యనే ఉండాలని మనవి."

బస్సు కుదిపింది. బొటనవేలు పక్క మీటకు జారింది. తెర అడుగున రెండు మాటలు వెలిగాయి. "అందరికీ పంపబడింది."

క్షణంలో తేరుకుని, ఈసారి కావాలనే అందరికీ ఇంకోటి పంపాడు. "ఇంతకు ముందు వచ్చిన మెయిలు నాది కాదు. నా ఫోను పోయింది. ఎవరో ఆకతాయి పని." దాని కింద ఎప్పట్లాగే ఒక వాక్యం తనంతట తనే అచ్చయింది. "నా ఫోను నుంచి పంపబడింది."

ఆఫీసు మెట్లెక్కేలోపు జవాబులు వరస కట్టాయి. "మీ మేనేజరుకు బట్టతల ఉందా? ఉంటే మా మేనేజరే," అని ఒకరు. "ఫోను దొరికినందుకు సంతోషం," అని ఇంకొకరు. కాలేజీ పక్కన గది అద్దెకుందని మరొకరు. చివరికి విభాగం గుమాస్తా స్వయంగా రంగంలోకి దిగి, దయచేసి ఎవరూ అందరికీ జవాబివ్వవద్దని అందరికీ జవాబిచ్చాడు. ఆ తొందరలో ఏదో కాగితం కూడా దానికి తగిలించేశాడు. తెరిస్తే, అభ్యర్థుల గురించి ప్రొఫెసర్లు రహస్యంగా రాసుకున్న అభిప్రాయాలు!

తన పేరుకెదురుగా, "పట్టుదల ఉంది. మిగతావి చూడాలి." గులాబీతోటకెదురుగా, "ఈ వయసులో ఈ ఉత్సాహం నిజమేనా? కనుక్కోవాలి."

'ప్రొఫెసర్లకే అనుమానం వచ్చింది,' అనుకున్నాడు ఇన్వెస్టిగేటరు. ఇంక సందేహం లేదు.

లోపల అడుగుపెట్టగానే మేనేజరు గదిలోంచి పిలుపు.

"రావయ్యా, రా. నిలబడతావేం? కూర్చో. టీ తాగుతావా?"

తొమ్మిదేళ్ళలో ఆ గదిలో అతను కూర్చోవడం అదే మొదలు. టీ వచ్చింది. మేనేజరు తాగేదాకా ఆగి, తర్వాత తాగాడు. మేనేజరు కూడా అతను తాగేదాకా ఆగాలనుకున్నాడు గానీ ఓపిక చాల్లేదు.

"ఈ మధ్య బాగా అలిసిపోతున్నట్టున్నావు. సెలవేమైనా కావాలా? ఊరికే, మాటవరసకి... గురువారం?"

ఉచ్చు! రోజు పేరుతో సహా! "గురువారం నాకేం పని సార్? ఏ పనీ లేదు. ఆఫీసు తప్ప నాకింకో లోకం లేదు."

"ఏమీ లేదూ?" మేనేజరు మొహం కొంచెం వాడింది. "సరే. అయితే గురువారం ఆఫీసు నువ్వే చూసుకో. మా మామగారికి కంటి ఆపరేషన్."

ఇన్వెస్టిగేటరు మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసి లేచాడు.

బయటికి రాగానే రిసెప్షనిస్టును పట్టుకున్నాడు. "నువ్వొక సాయం చెయ్యాలి. సార్ ఎవరితో మాట్లాడుతున్నారో, ఎటు వెళ్తున్నారో కాస్త చూసి చెప్పు."

"మీ గురించి చూసి చెప్పమని ఆయన అరగంట కిందే చెప్పారు సార్," అందా అమ్మాయి, గోళ్ళు చూసుకుంటూ. "ముందుగా వచ్చిన పని ముందు. మీరు లైన్లో ఉండండి."

ఆ సాయంత్రం ఇంట్లో విచారణ మొదలైంది.

"మామగారి కంటి సంగతి మనిద్దరికే తెలుసు. ఆయన నోట అదే మాట ఎలా వచ్చింది?"

"అంటే?"

"అంటే... లీకు ఈ ఇంట్లోనే ఉంది."

"ఉందండీ. మీ మేనేజరూ నేనూ రోజూ మా నాన్న కన్ను గురించే మాట్లాడుకుంటాం."

"ఒప్పుకుంటున్నావా?"

"ఒప్పుకుంటున్నా. స్టేట్‌మెంటు రాసి పట్రండి, సంతకం పెడతా. వంట మాత్రం మీరే చేసుకోండి."

మూడు రాత్రులు తన వంట తానే తిన్నాక, గురువారం పొద్దున అతను తెగించాడు. బదిలీ అయితే అయింది, సీటు మాత్రం వదలకూడదు. కాలిన బండి చూసొస్తానని రిసెప్షనిస్టుకు చెప్పి ఆఫీసు దాటాడు. వెనకాల ఎవరైనా వస్తున్నారేమోనని రెండు బస్సులు మారాడు.

విభాగం వరండాలో నోటీసు బోర్డుకు ముక్కు ఆనించి ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. కొత్త చొక్కా, మడత గీతలు కూడా పోలేదు. అడుగుల చప్పుడుకి వెనక్కి తిరిగాడు.

"నువ్వా!"

"మీరా సార్! మామగారి కన్ను?"

"వాయిదా పడింది. ఆఫీసులో ఉండాల్సిన వాడివి ఇక్కడేం చేస్తున్నావు?"

"క్లెయిము సార్. ఈ వరండాలో... ఫ్యాను ఊడి పడిందని ఫిర్యాదు."

ఇద్దరూ తలెత్తి చూశారు. ఫ్యాను హాయిగా తిరుగుతోంది.

"బిగించేసినట్టున్నారు," అన్నాడు ఇన్వెస్టిగేటరు.

"అవునవును. నేనూ దాని మీదే వచ్చాను," అన్నాడు మేనేజరు.

బెంచీకి చెరో కొసన కూర్చుని ఫ్యానును శ్రద్ధగా పరిశీలించసాగారు. ఇంతలో తలుపు తెరుచుకుని అటెండరు బయటికి వచ్చాడు.

"నాలుగో నంబరు!"

నాలుగు ఇన్వెస్టిగేటరుది. లేస్తే దొరికిపోతాడు. లేవకపోతే మూడు దరఖాస్తుల ఆశ గాలికి పోతుంది. పైన ఫ్యాను కిర్రుమంది.

"నాలుగు రాలేదా? సరే. ఐదో నంబరు!"

మేనేజరు ఫ్యాను వంక ఇంకా శ్రద్ధగా చూశాడు. ఆయనా లేవలేదు.

"ఐదూ లేడా? పిలిస్తే రాని వాళ్ళకి దరఖాస్తులెందుకో! ఇద్దరికీ గైర్హాజరు రాసేస్తున్నా."

"ఆగు!" ఒకే గావుకేక, రెండు గొంతుల్లోంచి. ఇద్దరూ ఒక్కసారి లేచేసరికి బెంచీ వెనక్కి పడింది. ఇద్దరూ ఒకేసారి దూరబోయి గుమ్మంలో భుజాలు ఇరుక్కుని ఆగిపోయారు.

"మీరు నిజంగానే దరఖాస్తు పెట్టారా సార్?" అన్నాడు ఇన్వెస్టిగేటరు, ఊపిరాడక.

"మరి నువ్వు? హెడ్డాఫీసు నా మీదికి వదిలిన మనిషివి కాదూ?"

"నేనా!"

"మా మేనేజరుకు తెలియకూడదని నాతో సహా ఊరందరికీ మెయిలు పెట్టావు. నిజంగా దాచుకునే వాడెవడైనా అలా చేస్తాడా? నాకు తెలిసిపోయిందిలే అని బెదిరిస్తున్నావనుకున్నా. గురువారం సెలవు చేతిలో పెడితే వద్దన్నావు. రాత్రుళ్ళు నిద్ర లేదయ్యా నాకు!"

"మీకెందుకు సార్ ఈ చదువు?"

మేనేజరు గొంతు తగ్గింది. "హెడ్డాఫీసు కుర్రాళ్ళు గ్రాఫులు పంపిస్తారు. మూడేళ్ళ నుంచి చూసి తలూపుతున్నాను. పైకి పోయే గీత మంచిదో కిందికి పోయేది మంచిదో కూడా తెలియదు. ఒక్కసారైనా అర్థమై తలూపాలనుంది."

"మీ ముచ్చట్లు అయ్యాక ఎవరో ఒకరు లోపలికి వెళ్ళండి," అన్నాడు అటెండరు, బెంచీ లేపుతూ.

ఒకరి తర్వాత ఒకరు వెళ్ళారు. ఆధారం లేనప్పుడు మనిషిని ఎలా అంచనా వేస్తావని ఇన్వెస్టిగేటరును అడిగారు. "నేరుగా అడిగేస్తాను," అన్నాడు అతను, జీవితంలో మొదటిసారి. ప్రొఫెసర్లు తలలు ఊపి ఏదో రాసుకున్నారు.

ఫలితం ఈసారి ఎవరి మెయిలు వారికి, రెండో కంటికి తెలియకుండా వచ్చింది. ఇద్దరికీ సీట్లొచ్చాయి. మేనేజరు గది తలుపు మూసి, ఇద్దరూ టీ తాగి, ఇదెవరికీ చెప్పకూడదని ఒట్టేసుకున్నారు.

రోజూ సాయంత్రం ఐదు కొట్టగానే మేనేజరూ ఇన్వెస్టిగేటరూ కలిసి ఎటో మాయమవుతుంటే హెడ్డాఫీసుకు అనుమానం వచ్చింది. అదీ ఆ వృత్తిదే గనక ఎవరినీ ఏమీ అడగలేదు. గుట్టుగా ఒక మనిషిని పంపితే, అతను క్లాసులో మిగిలిపోయిన సీటులో చేరి చివరి బెంచీలో కూర్చుని ఇద్దరినీ కనిపెట్టడం మొదలెట్టాడు.

మొదటి సెమిస్టరులో క్లాసు ఫస్టు అతనే. హెడ్డాఫీసుకు నివేదిక మాత్రం ఇంకా అందలేదు.