రిబ్బన్లు కట్టుకున్న ప్రొటీన్

సైన్సును నడిపిస్తున్నది సైంటిస్టులని ఇంకా ఎవరైనా నమ్ముతున్నారా? అయ్యో పాపం! నడిపిస్తున్నవి రంగులు!

ప్రొటీన్‌నే తీసుకోండి. వెలుతురుకే అందనంత చిన్నది. దానికి ఎరుపూ లేదు, నీలమూ లేదు. ఉన్నదున్నట్టు అచ్చేస్తే ఏ పత్రిక మొహం చూస్తుంది? అందుకే పెద్దలు దయతలచి దాన్ని ముస్తాబు చేశారు. మెలికలు తిరిగినచోట జడ రిబ్బన్లు, చదునుగా ఉన్నచోట బాణాలు. పరమాణువులు చూపాలంటే పుల్లలకు గుచ్చిన గోలీలు. పైపొర చూపాలంటే ఎరుపూ నీలమూ పూసిన బంగాళాదుంప!

ఈ మహోపకారం విలువ తెలియని మనిషి అనురాధ. చక్రాయపేట దగ్గరి పల్లె పిల్ల. తండ్రి వెంకటప్పకు గొర్రెల మందే బతుకు. నాలుగేళ్ల కిందటి వానల్లో నీలినాలుక జబ్బొచ్చి పదకొండు గొర్రెలు పోయాయి. ఆ జబ్బు తెచ్చే వైరస్‌లోని ఒక ప్రొటీన్ మీదే అనురాధ పరిశోధన. మూడేళ్లు కష్టపడి దాని ఆకారం రాబట్టింది, ఒక్క వంపు తప్ప. అక్కడ ఎక్స్‌రేలకు ఏమీ చిక్కలేదు. అందుకని బొమ్మలో ఆ చోట చుక్కల గీత పెట్టింది.

"ఈ చుక్కలేంది అనురాధా? ముగ్గేస్తాండావా?" అన్నారు గైడ్ ప్రభుదాస్ సార్. జమ్మలమడుగు మనిషి. మనసు మంచిదే, కన్ను మాత్రం బొమ్మల మీద. "నున్నగా కలిపెయ్. ఎవరు చూడొచ్చినారు?"

"ఆడ ఏముందో మనకే తెలీదు గదా సార్!"

ఆమె చుక్కలను చుక్కలుగానే ఉంచి, సదస్సులో పెట్టే పోస్టర్‌ను అచ్చుకని ప్రొద్దుటూరులో షంషుద్దీన్ ఫ్లెక్స్ షాపుకు పంపింది.

షంషుద్దీన్ కళాకారుడు. పుట్టినరోజు ఫ్లెక్సుల్లో ఎన్నో బట్టతలల మీద జుట్టు మొలిపించిన చెయ్యి! తెగిన రిబ్బను చూసి ఊరుకుంటుందా?

పులివెందుల సదస్సులో పోస్టర్ గోడకు తగిలించాకగానీ అనురాధ చూసుకోలేదు. చుక్కలు లేవు! వాటి చోట బంగారు రంగులో నిగనిగలాడే వంపు. వెంటనే ఫోన్ చేసింది.

"తెగిపోయినట్టుంటే నేనే అతికించినాలేమ్మా," అన్నాడు షంషుద్దీన్ సంబరంగా. "శానా బాగొచ్చింది గదా?"

అంతలో జడ్జీలు వచ్చేశారు. వాళ్లలో పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని సరిగ్గా ఆ వంపు మీదే వేలు పెట్టారు. "అద్భుతం! మందు వచ్చి పట్టుకోవాల్సింది ఇక్కడే. ఫస్ట్ ప్రైజ్ దీనికి కాక ఇంక దేనికిస్తాం?"

ప్రభుదాస్ సార్ ముఖం వెలిగిపోయింది. కూతురు చేసిన బొమ్మ చూద్దామని వచ్చిన వెంకటప్ప వెనకే నిలబడి ఉన్నాడు. ఆయన కూడా ఆ వంపునే చూస్తున్నాడు, మందు దొరికినంత నమ్మకంగా.

ఆ చూపుకే ఆమె తట్టుకోలేకపోయింది. మార్కర్ తీసి బంగారు వంపును అడ్డంగా కొట్టేసింది. "ఇది మాకు కనబడలేదు సార్. ఫ్లెక్స్ అన్న అతికించినాడు."

విజ్ఞానానికి ఇంతకన్నా అప్రతిష్ఠ ఉంటుందా? జడ్జీలు పక్క పోస్టర్‌కు జరిగారు. అందులో తెలియనిదంటూ ఏదీ లేదు. ప్రైజు దానికే పోయింది.

"అయితే మందు రాదా పాపా?" అన్నాడు వెంకటప్ప.

"ఆ తావులో ఏముందో తెలిస్తేగానీ రాదు నాయినా."

వెంకటప్ప సార్ వైపు తిరిగాడు. "మరి ఎతకరా సార్? మంద దొడ్డికి చేరినాక, వచ్చినవాటిని సింగారిస్తా కూచుంటామా? రానిదాని కోసం గదా పోయేది!"

తప్పిపోయిన ఒక్క గొర్రెను వెతుక్కుంటూ పోయిన కాపరి కథ చిన్నప్పటి నుంచీ చర్చిలో వింటున్న ప్రభుదాస్ సార్ తల వంచుకున్నారు. కాసేపటికి తానే పోస్టర్ విప్పి చుట్ట చుట్టారు.

"సోమవారం మళ్లా మొదలుపెడదాం అనురాధా. ఈసారి ఆ వంపు కోసమే."

చూశారా ప్రమాదం? గొర్రెల కాపరులను ఇలా సదస్సులకు రానిస్తే, చివరికి అందరూ పరిశోధన చేయాల్సి వస్తుంది. నిర్వాహకులు జాగ్రత్తపడాలి!