చొక్కాల మీది ఇంగ్లీషు

ఆ సోమవారం ఉదయం వన్నారీ టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. నాలుగో తరగతి ఇంగ్లీషు పుస్తకంలో చెదలు తినగా మిగిలింది అట్టా, అరటిపండు బొమ్మా. అందుకని పిల్లలకు "బనానా" అనే మాట నిద్రలో లేపి అడిగినా వచ్చు, మరో ముక్క రాదు. పోయినసారి జిల్లా విద్యాధికారి కోసల్ గారు ఏ ప్రశ్న వేసినా తరగతి మొత్తం అరటిపండే చెప్పింది. వచ్చే వారం ఆయన మళ్లీ వస్తున్నారు. ఈసారీ ఇంతే అయితే కొండల అవతలికి బదిలీ తప్పదని కబురు కూడా పంపారు.

"పుస్తకంలో లేకపోతే ఊళ్లో వెతకండర్రా. ఇంగ్లీషు మాట ఎక్కడ కనబడ్డా స్పెల్లింగు తప్పు లేకుండా రాసుకు రండి. అర్థం నేను చెబుతా," అంది వన్నారీ.

సబ్బు కాగితాలు, నూనె డబ్బాలు వస్తాయనుకుంది. ఊరు ఒంటి మీద ఏముందో ఆమెకు తట్టలేదు. కంబోడియాలో బత్తంబాంగ్ పట్నం చుట్టుపక్కల పల్లెలన్నిటిలాగే ఇక్కడా అందరూ వేసుకునేది విదేశాల నుంచి మూటలుగా వచ్చే పాత బట్టలే. రంగు వెలవకుండా ఉంటే చాలు, దాని మీద ఏం రాసి ఉందో ఎవరికీ పట్టదు.

మధ్యాహ్నానికల్లా గ్రామపెద్ద హెమ్ తాతను ఆయన మనవరాలు దావీ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. పెళ్లిళ్లకూ పంచాయితీలకూ మాత్రమే బయటికి తీసే పసుపుపచ్చ టీషర్టు ఆయన ఒంటి మీదుంది.

"టీచర్, ఇదిగో చదువుతున్నా," అంటూ దావీ తాత పొట్ట మీద వేలు పెట్టి ఒక్కో అక్షరమే కూడబలుక్కుంది. "బెస్ట్... గ్రాండ్... మా!"

వన్నారీ ఆ అక్షరాలు మళ్లీ ఓసారి చదువుకుంది. ఆ టీషర్టుతో ఆయన ఎన్ని పొలం తగాదాలు తీర్చాడో!

"అంత ఆలోచనేంటి టీచరమ్మా? తిట్టు గానీ ఉందా?"

"అయ్యో, లేదు తాతా! గ్రాండ్ అంటే గొప్ప. గ్రాండ్‌మా అంటే... ఊరికి పెద్దదిక్కు."

"నేననుకుంటూనే ఉన్నా! ఇది కొన్న ఏడాదే నన్ను పెద్దగా ఎన్నుకున్నారు," అన్నాడు తాత, టీషర్టు ముడతలు సవరించుకుంటూ.

మర్నాడు పొద్దున్నే బడి ముందు ఊరంతా బారులు తీరింది. మొదట మోటార్లు బాగుచేసే బొరిన్ గుండెలు విరుచుకుని నిలబడ్డాడు. ఆ గుండెల మీద "ప్రెగ్నెంట్" అని ఉంది.

"ఎల్లుండి నా నిశ్చితార్థం టీచర్. కాస్త మంచి మాటే చెప్పండి."

"బలశాలి," అంది వన్నారీ, గోడకేసి చూస్తూ.

నూడుల్స్ అమ్మే ఫాన్ మామ్మ వెనక్కి తిరిగి వీపు చూపించింది. అక్కడ "డేంజర్" అని ఉంది.

"రుచి మామ్మా."

"ఉత్త రుచేనా?"

"మహా రుచి."

పిల్లలు ఇవన్నీ శ్రద్ధగా నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక ఇంగ్లీషు మీద వాళ్లకు ఇంత ప్రేమ కలగడం ఇదే మొదలు. ప్రేమ ఊరికీ పాకింది. ఫాన్ మామ్మ బండి దగ్గర నిలబడి "డేంజర్! డేంజర్!" అని కేకలేసి జనాన్ని పిలవసాగింది. నిశ్చితార్థంలో పెళ్లికూతురి తండ్రి మైకు అందుకుని, తన అల్లుడంత ప్రెగ్నెంట్ చుట్టుపక్కల మరొకడు లేడని మురిసిపోయాడు. హెమ్ తాతకు "ఊరి గ్రాండ్‌మా" అని పిలిపించుకోవడం కూడా చాల్లేదు. గ్రామ కార్యాలయం తలుపు మీద ఎర్రరంగుతో ఆ మాటే రాయించాడు. వన్నారీ నిజం చెప్పేద్దామని రోజూ గడప దాటేది. ఎదురొచ్చిన మొదటి మనిషి మొహంలో సంతోషం చూసి వెనక్కి తిరిగేది.

ఈలోగా కోసల్ గారు చెప్పిన రోజుకంటే ముందే దిగారు.

"ఆ కార్యాలయంలో ఎవరి అమ్మమ్మ ఉంటుందండీ?" అని హెమ్ తాతను అడుగుతూ తరగతిలోకి వచ్చారు.

"ఆడవాళ్లెవరూ లేరండీ, నేనే ఉంటా," అన్నాడు తాత.

అధికారి ఆ సంగతి అక్కడితో వదిలి, ముందు బల్ల మీది నోటుపుస్తకం ఒకటి తెరిచి పిల్లల వైపు తిరిగారు. "డేంజర్ స్పెల్లింగు?"

తరగతి మొత్తం అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "శభాష్! అర్థం?"

"మహా రుచి!"

"ప్రెగ్నెంట్ అంటే?"

"మా బొరిన్ అన్న!"

"మరి గ్రాండ్‌మా?"

"హెమ్ తాత!" బడి కప్పు ఎగిరిపోయేట్టు అరిచారు.

కోసల్ గారు వన్నారీ వైపు నెమ్మదిగా తిరిగారు. "మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

వన్నారీ చేతులు జోడించింది. "తాతా, క్షమించండి. గ్రాండ్‌మా అంటే అమ్మమ్మ. మీ టీషర్టు మీదున్నది 'ఉత్తమ అమ్మమ్మ' అని. మిమ్మల్ని నొప్పించలేక ఒక అబద్ధం ఆడాను, దాన్ని కాయడానికి మిగతావన్నీ ఆడాను."

కిటికీలోంచి ఫాన్ మామ్మ తల దూర్చింది. "మరి నా డేంజరో?"

"ప్రమాదం మామ్మా."

"అదా సంగతి! నిన్న సైకిలేసుకొచ్చిన తెల్లాయన నా కేక వినగానే గిన్నె వదిలేసి పారిపోయాడు. పులుసు కారమైందేమో అనుకున్నా!"

హెమ్ తాత మొహం కందిపోయింది. అందరి ముందే టీషర్టు తీసెయ్యబోయాడు. తొందరలో తల మెడపట్టీలో ఇరుక్కుపోయింది.

దావీ లేచి పరిగెత్తింది. "తియ్యకు తాతా! అందులో తప్పేముంది? అమ్మ థాయిలాండులో పని చేస్తోంది. నాకు జడేసేది నువ్వే కదా. చేప ముళ్లు తీసి పెట్టేదీ నువ్వే, జ్వరమొస్తే పాట పాడేదీ నువ్వే. మనింట్లో అమ్మమ్మవి నువ్వే!"

టీషర్టు లాగుతున్న తాత చేతులు ఆగాయి. తర్వాత దాన్ని నెమ్మదిగా కిందికి లాక్కుని, తడి కళ్లు తుడుచుకున్నాడు.

"జడ సంగతి ఇంతమందిలో చెప్పాలా నువ్వు?" అని గొణిగి, అధికారి వైపు తిరిగాడు. "ఆ తలుపు మీది రాత చెరపనండీ. టీచరమ్మను మాత్రం ఎక్కడికీ పంపడానికి వీల్లేదు."

"స్పెల్లింగు జిల్లాలోనే ఉత్తమం, అర్థాలు మళ్లీ చెప్పించాలి" అని కోసల్ గారు రాసుకున్నారు. బదిలీ మాట ఎత్తలేదు. నెల తిరక్కుండా బడికి నిఘంటువులు వచ్చాయి. బొరిన్ మాత్రం నిశ్చితార్థం ఫొటోలు ఎవరికీ చూపించడం మానేశాడు.

ఆ తర్వాతి సంత నుంచి ఊళ్లో ఎవరూ నాలుగో తరగతి చేత చదివించకుండా చొక్కా కొనలేదు. మూటల వ్యాపారి కొన్ని సంతలు ఓపిక పట్టి, బడి లేని ఊరు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.